సుహాస్, యాభై ఒక్క కిలోలు

ఢిల్లీలో సముద్రం లేదు. యమున ఉందంటారు గానీ, దాన్ని నది అనాలంటే గోదావరి ఒడ్డున పుట్టినవాడికి నోరు రాదు. అలాంటి ఊళ్ళో, కుతుబ్ మీనార్‌కి కూతవేటు దూరంలో ఉన్న లాడో సరాయ్‌లో, గేదెల కొట్టాల వెనక రేకుల షెడ్డులో కూర్చుని పదకొండేళ్ళు పడవలు చేసి బతికాడు బాబూరావు. ఆదివారం తెలుగు ఆరాధనకి వెళ్తే చర్చిలో మగాళ్ళంతా ఒకటే వేళాకోళం. "ఏం నోవహు గారూ, వాన ఎప్పుడు మొదలవుద్దంటారు?" అనేవాళ్ళు. బాబూరావు కూడా తక్కువవాడేం కాదు. "మీకు చెప్పి మొదలెట్టదు లెండి, అప్పుడు నా షెడ్డు తలుపే కొడతారు" అనేవాడు.

ఆయనది నరసాపురం దగ్గర పల్లె. తండ్రి చెక్క పడవలు చేసేవాడు. బాబూరావు కాకినాడలో ఫైబర్ పడవల పని నేర్చాడు. గాజు నారతో నేసిన గుడ్డని అచ్చులో పరిచి, రెసిన్ అనే జిగురు పూసి, పొర మీద పొర వేసి ఎండనిస్తే ఇనుములా బిగుస్తుంది, అదీ పని. భార్య ఆనందకుమారికి ఢిల్లీలో పెద్దాసుపత్రిలో నర్సు ఉద్యోగం వచ్చింది, ఎనభై ఆరులో. "నువ్వెళ్ళు, నేను తర్వాతొస్తా" అనే మగాడు కాదాయన. పెట్టె సర్దుకుని పెళ్ళాం వెంట రైలెక్కాడు. రెండేళ్ళు నీళ్ళ ట్యాంకులూ స్నానాల తొట్లూ చేసి విసిగిపోయాక, రుషీకేశ్ పైన గంగలో జనాన్ని రబ్బరు తెప్పల మీద తిప్పే ఒక కంపెనీ వాళ్ళకి దొరికాడు. వాళ్ళకి కయాకులు చేసిపెట్టే మనిషి కావాలి.

కయాక్ అంటే ఒక్క మనిషి పడవ. పైనంతా మూసి ఉంటుంది. నడిమధ్య ఒక కంత, ఆ కంతలోంచి కాళ్ళు లోపలికి చాపుకుని, మోకాళ్ళు పైకప్పుకి ఆనించి, నడుం దాకా దిగి కూర్చోవాలి. రెండు వైపులా రెక్కలున్న తెడ్డు ఒకటి. కొండల్లో నురుగులు కక్కుతూ దూకే నీళ్ళలో దాన్ని తిప్పుకుంటూ దిగాలి. తలకిందులైతే ఒంటి ఊపుతో మళ్ళీ లేవాలి. లేవలేకపోతే కంతలోంచి జారి బయటపడాలి. మొదటిసారి చూసినప్పుడు బాబూరావు, "ఇది పడవేంటండీ, తొడుక్కునే లాగులా ఉంది" అన్నాడట. ఆ మాటే ఆయన పనికి మూలసూత్రం అయింది. లాగూ అయితే కొలతలుండాలి కదా మరి!

షెడ్డులో మూడు అచ్చులుండేవి. విదేశాల నించి వచ్చినవాళ్ళు వదిలేసి పోయిన పడవల మీద తీసినవి. వాటికి ఇంగ్లీషు పేర్లేవో ఉన్నాయి గానీ బాబూరావు వాటికి తనే నామకరణం చేశాడు. పొడుగ్గా, వెడల్పుగా, ఎంత కుదిపినా కదలనిది ముసలమ్మ. నేర్చుకునే వాళ్ళకి. సన్నగా, పల్చగా, నీటిమీద వాలి పరిగెత్తేది కత్తి. లోతైన పెద్ద నీళ్ళకి, బరువు తక్కువున్న చురుకైన వాళ్ళకి. పొట్టిగా, కడుపు ఉబ్బి, ముక్కు గుండ్రంగా, అడుగు రెండు వైపులా పైకి వంగి ఉండేది గుమ్మడికాయ. రాళ్ళమధ్య మెట్లుమెట్లుగా దూకే ఇరుకు నదులకి. అది చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది, పరుగు రాదు. కానీ రాయికి తగిలితే ఎక్కి జారుతుంది, మునిగితే చటుక్కున పైకి తేలుతుంది. దాని నోరు, అంటే మనిషి కూర్చునే ఆ కంత, మిగతా రెండిటికన్నా జానెడు పొడుగు. మోకాళ్ళు తిన్నగా పైకి తీసుకోవచ్చు. కత్తి నోరు చిన్నది, గుండ్రటిది. అందులోంచి ముందు నడుం లాగి, తర్వాత కాళ్ళు లాగాలి.

ఎవరొచ్చినా ఆయన మొదటి ప్రశ్న ఒకటే. "నది పేరు చెప్పండి." రెండోది ప్రశ్న కాదు, షెడ్డు మూలనున్న తూకం బల్ల వైపు వేలు చూపించడం. పాత సామాన్లు కొనే కబాడీ వాడి దగ్గర తెచ్చిన బల్ల అది. ఎంత పెద్ద సాహెబైనా సరే, బూట్లు విప్పి ఎక్కాల్సిందే. మూడోది పరుపు పరీక్ష. రెండు పాత పరుపులు పరిచి, మనిషిని పడవలో కూర్చోబెట్టి, పడవని పక్కకి పడేసి, పైన చెయ్యేసి అదిమి పట్టి, "కళ్ళు మూసుకోండి. ఒకటి, రెండు, మూడు" అనేవాడు. మూడు అనేలోగా బయటికి రాకపోతే ఆ పడవ వాళ్ళది కాదు. ఒకసారి కంపెనీ యజమానే రాలేకపోయాడు. "మీరు ముసలమ్మలో వెళ్ళండి సార్" అన్నాడు మొహం మీదే.

అన్నీ కుదిరాక పడవ లోపల, సీటు వెనక, పెన్సిలుతో ఆ మనిషి పేరు, బరువు, తారీఖు తెలుగులో రాసేవాడు. పైన పల్చగా రెసిన్ పూత. ఇక అది చెరగదు. హిందీ వాళ్ళు, దొరలు, సర్దార్జీలు, అందరి పేర్లూ తెలుగక్షరాల్లోనే గంగలో తిరిగాయి.

ఇంత పద్ధతైన మనిషి ఒక్కసారి పద్ధతి తప్పాడు. ఒకే ఒక్కసారి. దాని సంగతే ఇది.

తొంభై నాలుగు నవంబర్లో ఆనందకుమారి వార్డులో టైఫాయిడ్‌తో ఒక కుర్రాడు చేరాడు. కటవారియా సరాయ్‌లో గది తీసుకుని సివిల్స్‌కి చదువుకుంటున్నవాడు. పేరు సుహాస్, వరంగల్ వాళ్ళ పిల్లాడు. ఒళ్ళెరక్కుండా జ్వరంలో తెలుగులో కలవరిస్తున్నాడు. ఢిల్లీ ఆసుపత్రిలో చెవిన పడ్డ తెలుగుకి ఆవిడ ఆగిపోయింది. తండ్రి పార్థసారథి వరంగల్ నుంచి వచ్చి పన్నెండు రోజులు వార్డు వరండాలోనే పడుకున్నాడు. కరెంటాఫీసులో ఉద్యోగం, సెలవు అయిపోయింది. వెళ్తూ వెళ్తూ ఆనందకుమారి ముందు చేతులు జోడించి, "అమ్మా, జర చూసుకోండ్రి" అన్నాడు. అంతకన్నా ఏం అడగలేకపోయాడు పాపం.

ఆవిడ చూసుకుంది. చూసుకోవడం అంటే ఆనందకుమారి దృష్టిలో తిండి పెట్టడమే. డిశ్చార్జి అయిన రోజే ఆటోలో గౌతమ్ నగర్‌లోని తమ రెండు గదుల ఇంటికి తీసుకొచ్చేసింది. మొదట పల్చటి గంజి, తర్వాత మెత్తటి అన్నంలో చారు, తర్వాత పప్పు, క్రిస్మస్‌కి కోడికూర. పదేళ్ళ కూతురు కెరెన్ వాణ్ణి చూసి, "మమ్మీ, యే భయ్యా కిత్నా పత్లా హై" అని, ఎంత సన్నగా ఉన్నాడోనని ముక్కున వేలేసుకుంది. "అందుకే తెచ్చానే, వీణ్ణి మనిషిని చేసి పంపిస్తా" అంది ఆవిడ.

జనవరి చలిలో ఆవిడ డ్యూటీకి, పిల్ల బడికి పోతే, కుర్రాడు ఒంటరిగా ఉంటాడని బాబూరావు షెడ్డుకి తీసుకుపోయేవాడు. ఎండలో కుర్చీ వేసి కంబళి కప్పి కూర్చోబెట్టేవాడు. వాడు పాలిటీ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని పడవల్నే చూసేవాడు. రెండు వారాలు పోయాక పుస్తకం మానేసి సాండ్ పేపర్ పట్టుకున్నాడు. ఇంకో వారానికి, "అంకుల్, నేను కూడ నేర్చుకుంట" అన్నాడు.

"ఏ నది?" అన్నాడు బాబూరావు అలవాటు కొద్దీ.

"గంగ. మన కంపెనీ క్యాంపు కాడనే."

"మన కంపెనీయా! అబ్బో, భాగస్తుడివి కూడా అయిపోయావే" అని నవ్వి, తూకం బల్ల చూపించాడు. యాభై ఒక్క కిలోలు. కంబళి తీసేస్తే ఇంకో కిలో తగ్గేవాడేమో. ఆ బరువుకి, ఆ లోతైన గంగకి, కత్తి తప్ప వేరే మాట లేదు. ముసలమ్మలో నేర్పించి తర్వాత ఇద్దామనుకున్నాడు. యజమాని కూడా ఒప్పుకున్నాడు, శని ఆదివారాలు క్యాంపులో జనానికి కాపలాగా కయాక్ నడిపే మనిషి కావాలి ఆయనకి.

ఆ పడవ మీద బాబూరావు పడ్డ మోజు ఇంకే పడవ మీదా పడలేదు. ఢిల్లీ చలికి రెసిన్ బిగుసుకోదు. కింద బల్బులు పెట్టి, పైన గోనెపట్టాలు కప్పి, పసిపిల్లకి కాపడం పెట్టినట్టు పెట్టాడు. కుర్రాడి నడుం కొలిచాడు, తొడ కొలిచాడు, మోకాలి నుంచి మడమ దాకా కొలిచాడు. కత్తి అచ్చులో నోరు ఎలాగూ చిన్నదే, వాడి ఒంటికి ఇంకొంచెం దగ్గరగా చుట్టు అంచు కట్టాడు. లోపల నడుముకి రెండు వైపులా స్పాంజి దిండ్లు అతికించాడు. పసుపు రంగు పడవ, ఎరుపు గీత. సీటు వెనక పెన్సిలుతో రాశాడు. సుహాస్, యాభై ఒక్క కిలోలు, 31-1-95. పైన పూత పూశాడు. కాకిపిల్ల కాకికి ముద్దంటారు గానీ, ఆ పడవ నిజంగానే అందరికీ ముద్దొచ్చింది.

ఆనందకుమారి ఒకసారి షెడ్డుకొచ్చి చూసి, "ఇదేంటండీ ఇంత సన్నగా చేశారు? ఏప్రిల్‌కి వీడు ఇందులో ఇముడుతాడా?" అంది.

"పడవల సంగతి నాకొదిలెయ్, నువ్వు కూరల సంగతి చూసుకో" అన్నాడు బాబూరావు.

ఆవిడ కూరల సంగతి చూసుకుంది.

మార్చి నుంచి జూన్ దాకా కుర్రాడు శుక్రవారం బస్సెక్కి గంగకి పోవడం, సోమవారం నల్లబడి రావడం. నీళ్ళలో తలకిందులై లేవడం వాడికి దగ్గడమంత తేలికైపోయింది. ప్రిలిమ్స్ కూడా రాశాడండోయ్, పాసయ్యాడు కూడా. వానాకాలంలో నది పొంగి క్యాంపు మూసేశాక ఇక ప్రతి ఆదివారం గౌతమ్ నగర్‌లోనే. ఆరాధన అవగానే వాడు గుమ్మంలో చెప్పులు విప్పేవాడు. చేపల పులుసు, గోంగూర మాంసం, మునక్కాడ జీడిపప్పు. గరిటె ఆనందకుమారి చేతిలో ఉన్నంతసేపూ వాడి కంచం ఖాళీ అయ్యేది కాదు. "చాలు ఆంటీ" అంటే ఆవిడకి వినపడేది కాదు. ఎంత వెయ్యమంటావని ఆ ఇంట్లో ఎవరూ ఎవర్నీ అడిగిన పాపాన పోలేదు. దసరాకి ఇంటికి పోయొచ్చి వాడే చెప్పాడు, "మా అమ్మ నన్ను జూసి దిష్టి తీసింది ఆంటీ" అని. దీపావళి నాడు ఆవిడ భోజనాల దగ్గర గర్వంగా ప్రకటించింది. "నిన్న మా వార్డు తూకం మీద నిలబెట్టాను. ఎంతనుకున్నారు? అరవై ఆరు!" కెరెన్ చప్పట్లు కొట్టింది. బాబూరావు కూడా కొట్టాడు.

ఆ చేతులే కదా, జనవరిలో యాభై ఒకటని రాసింది! ఆ అంకె ఒక చెవిలో, ఈ అంకె ఒక చెవిలో. మధ్యలో తలకాయ ఒకటుందిగా, అది ఏం చేసిందో ఆ దేవుడికే తెలియాలి.

నవంబర్ మొదటి శుక్రవారం, సాయంత్రం నాలుగింటికి సుహాస్ షెడ్డుకి వచ్చాడు. బయట జీపు, అందులో నలుగురు స్నేహితులు. ఈసారి గంగ కాదన్నాడు. ఇంకా పైన, కొండల్లో వేరే నది పేరు చెప్పాడు. ఆ పేరు నేను రాయను. బాబూరావు ఆ తర్వాత తన జన్మలో పలకలేదు, నేనెందుకు పలకాలి?

ఆ పేరు వినగానే బాబూరావు చేతిలో బ్రష్ కింద పెట్టాడు. "అది రాళ్ళ నదయ్యా బాబూ. కత్తికి పనికిరాదు. అదిగో, గుమ్మడికాయ పట్టుకెళ్ళు" అన్నాడు. గుమ్మడికాయ ఎదురుగానే తాళ్ళకి వేలాడుతోంది, ఖాళీగా, ఎవరికీ ఇవ్వాల్సింది కూడా కాదు.

"గా గుమ్మడికాయలనా అంకుల్! మావోళ్ళు నవ్వుతరు" అన్నాడు కుర్రాడు. "నాకు అలవాటు గూడ లేదు. నా పడవ నా ఒంటికి తెలుసు. మీరు చేసిందే కద, మీకే నమ్మకం లేదా?"

దెబ్బ అక్కడ తగిలింది. ఏ పనివాడైనా పడిపోయే చోటే అది. వాడు తన పడవనే కావాలంటుంటే బాబూరావు మొహం వద్దంటూనే వెలిగిపోయింది. "సరే, ఒకసారి కూర్చో చూద్దాం" అన్నాడు.

వాడు కూర్చున్నాడు. కూర్చోవడం కూడా కాదు, అటూ ఇటూ మెలికలు తిరిగి దిగబడ్డాడు. నడుం దగ్గర దిండ్లు పట్టేశాయి. బాబూరావు నవ్వాడు. వాడి వీపు మీద ఒక్కటి చరిచి, "మా ఆవిడ చేతి మహిమరా ఇది!" అన్నాడు. వాడూ నవ్వాడు. జీపులో వాళ్ళు కూడా నవ్వారు. బాబూరావు చాకు తీసుకుని రెండు దిండ్లూ అంగుళం చొప్పున చెక్కేశాడు. ఇప్పుడు సరిగ్గా పట్టింది. "అతుక్కపోయింది అంకుల్, మస్తుంది" అన్నాడు సుహాస్. బిగుతుగా ఉంటే కయాక్ నడిపేవాళ్ళకి సంతోషం, పడవ ఒంట్లో భాగమైనట్టు ఉంటుంది.

నడుం దగ్గర స్పాంజి చెక్కాడు. తొడల దగ్గర స్పాంజి లేదు, అక్కడుంది పడవ నోరు. అది చెక్కడానికి వీలు కాదు. తూకం బల్ల నాలుగడుగుల దూరంలో ఉంది. అటు చూడనైనా లేదు. కనీసం పరుపు పరీక్ష పెట్టాలనుకున్నాడు, మూల చూస్తే పరుపులు లేవు. ఢిల్లీలో నవంబరంటే పెళ్ళిళ్ళ కాలం కదా, పక్కింటి జాట్ వాళ్ళు పెళ్ళివారి కోసమని పొద్దున్నే పట్టుకుపోయారు. బయట జీపు హారన్ కొడుతోంది. "వందసార్లు బయటికొచ్చావుగా ఇందులోంచి" అన్నాడు బాబూరావు, తనకి తనే చెప్పుకుంటున్నట్టు. వచ్చాడు నిజమే, యాభై ఐదులోనూ యాభై ఎనిమిదిలోనూ వచ్చాడు.

జీపు మీద పసుపు పడవని తనే తాళ్ళతో కట్టాడు. గుమ్మడికాయ షెడ్డులో వేలాడుతూ ఉండిపోయింది.

ఆదివారం ఆనందకుమారి వాడి కోసం చేపల పులుసు తీసిపెట్టింది, సోమవారం వస్తాడని. సోమవారం ఉదయం సందు చివర టెలిఫోన్ బూత్ వాడు వచ్చి పిలిచాడు. అవతల సుహాస్ స్నేహితుడొకడు చెప్పాడు. ఆదివారం మధ్యాహ్నం పడవ ముక్కు రెండు రాళ్ళ మధ్య దూరిపోయింది. వెనక నుంచి నీళ్ళు తోశాయి. వాడు బయటికి రావడానికి చూశాడు, నడుం వచ్చింది, తొడలు రాలేదు. చెయ్యి నీళ్ళ పైన కనిపించిందట, చాలాసేపు. వాళ్ళు తాళ్ళేసి లాగి తీసేసరికి పద్దెనిమిది నిమిషాలు.

బాబూరావు ఫోన్ పెట్టేసి బూత్ మెట్ల మీద కూర్చుండిపోయాడు. ఆయన కళ్ళ ముందు చెయ్యి లేదు, నది లేదు. తూకం బల్ల ఉంది. దాని మీద ఎవరూ లేరు.

తండ్రి వచ్చి కుర్రాణ్ణి వరంగల్ తీసుకుపోయాడు. మళ్ళీ ఇరవై రోజులకి, కటవారియా సరాయ్ గదిలో పుస్తకాలూ బట్టలూ తీసుకుపోవడానికి వచ్చాడు. పార్థసారథి గారు గదికి పోకముందే లాడో సరాయ్‌కి వచ్చి, "వాని పడవ ఒకసారి చూపిస్తరా?" అని అడిగాడు. ఆనందకుమారి కూడా సెలవు పెట్టి వచ్చింది. ఫ్లాస్కులో టీ తెచ్చింది.

పడవ మూలన పెట్టి ఉంది, ముక్కు నలిగి, ఎర్రగీత చిట్లి. ఆయన దాన్ని చేత్తో తడిమాడు. వంగి లోపలికి చూశాడు. సీటు వెనక అక్షరాలు కనిపించాయి. "తెలుగుల రాసిన్రా!" అన్నాడు. చదివాడు. వేలితో మళ్ళీ చదివాడు. "యాభై ఒకటి. గంత సన్నగ ఉండె కద అప్పుడు." లేచి ఆనందకుమారి వైపు తిరిగాడు. "అమ్మా, కన్నతల్లి లెక్క పెట్టిన్రు వానికి. కట్టెపుల్ల లెక్కున్నోణ్ణి మనిషిని చేసిన్రు. దసరాకొస్తే బుగ్గలొచ్చినయి వానికి. మా ఆమె ఇప్పటికీ గదే చెప్తది, ఆఖరికి నా కొడుకు కడుపునిండ తిన్నడు అని. మీ రుణం తీర్చుకోలేం."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

బాబూరావు ఇక ఆగలేకపోయాడు. ఇరవై రోజులుగా లోపలే దాచుకున్న మాట, ఇప్పుడు చెప్పకపోతే ఇక ఎప్పటికీ చెప్పలేడు. "తప్పు నాదండి" అన్నాడు. "మీ అబ్బాయి నది వల్ల పోలేదు. ఈ పడవ యాభై ఒక్క కిలోల పిల్లాడికి చేసింది. పోయేనాటికి అరవై ఆరు. నోరు పట్టలేదు. ఆ గుమ్మడికాయ పడవ ఇక్కడే వేలాడుతోందండి, నేను దించి ఇవ్వలేదు. ఎవర్నైనా తూకం ఎక్కించేవాణ్ణి, వాణ్ణి ఎక్కించలేదు. తొడలు లావెక్కాయండి, అందుకే రాలేకపోయాడు." ఒక్క గుక్కలో చెప్పేశాడు. చెప్పి, ఆయన తిట్టినా కొట్టినా పడదామని తలొంచుకున్నాడు.

పార్థసారథి గారు కొట్టలేదు. పడవ నోటి అంచు మీద చెయ్యి పెట్టి అడిగాడు. "పోయేనాడు, ఇందుల కూసున్నప్పుడు, నవ్విండా?"

"నవ్వాడండి."

"నవ్విండు" అని తనలో తను అనుకున్నాడు ఆయన. తర్వాత, "గా అక్షరాలున్న ముక్క ఇస్తరా? వాళ్ళమ్మకు చూపిస్త" అన్నాడు.

బాబూరావు రంపం తీశాడు. తన జన్మలో అంత బాగా చేసిన పడవ లేదు, దాని వీపు తనే కోశాడు. పలక అంత ముక్క. అంచులు గుచ్చుకోకుండా సాండ్ పేపర్‌తో నున్నగా రుద్ది, కాగితంలో చుట్టి ఇచ్చాడు. రుద్దుతూ తలెత్తి చూస్తే ఆనందకుమారి గోడకి ఆనుకుని నిలబడి ఉంది. ఏడుపు ఆగిపోయింది. చేతిలో టీ గ్లాసు అలాగే ఉంది, తొణకలేదు. ఆవిడ ఆయన్ని చూడ్డం లేదు, తన కుడి చేతిని చూసుకుంటోంది.

అప్పుడు అర్థమైంది బాబూరావుకి. ఇన్నాళ్ళూ తప్పు తనది, తనది అని ఒక్కడే మోసుకు తిరిగాడు. తన గుండె బరువు దించుకునే తొందరలో ఆ పదిహేను కిలోలు ఎక్కడినుంచి వచ్చాయో ఆ మాటలోనే ఉందని తోచలేదు. నోరు జారింది. జారిన మాటని ఏ పరుపూ పట్టదు.

"ఆనందం, నేనన్నది నీ గురించి కాదు" అన్నాడు ఆ సాయంత్రం ఇంటికొచ్చాక.

"నేనేమన్నానండీ ఇప్పుడు?" అంది ఆవిడ. నిజంగానే ఏమీ అనలేదు. తర్వాత కూడా అనలేదు.

బాబూరావు ఆ కత్తి అచ్చుని మర్నాడే సుత్తితో పగలగొట్టాడు. పాత పడవలకి కూడా ప్రతి ఏడూ మనుషుల్ని పిలిపించి తూకం వేశాడు, పాత అంకె కొట్టేసి కొత్తది రాశాడు. పరుపులు ఎవరికీ ఇవ్వలేదు, పెళ్ళికి కాదు కదా, ప్రాణం పోతున్నా. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అది, ఆయనకీ తెలుసు. తొంభై తొమ్మిదిలో కంపెనీ బయటి నుంచి ప్లాస్టిక్ కయాకులు తెప్పించి షెడ్డు మూసేసింది. ఆయన మళ్ళీ నీళ్ళ ట్యాంకులకి పోయాడు.

ఇంట్లో మాత్రం ఒకటి మారింది. బయటివాళ్ళెవరికీ తెలియనంత చిన్న సంగతి. ఆదివారం ఎవరొచ్చినా వంట మామూలే, చేపల పులుసు మామూలే. గిన్నెలు బల్ల మీద పెట్టి ఆనందకుమారి దూరంగా కూర్చునేది. ఇంకో ముద్ద అనేది కాదు, మొహమాటపడకండి అనేది కాదు. చర్చి వాళ్ళు ఢిల్లీ గాలి సోకిందని చెవులు కొరుక్కున్నారు.

తొంభై తొమ్మిది చివర, షెడ్డు మూసిన తర్వాతి ఆదివారం, ముగ్గురే భోజనానికి కూర్చున్నారు. బాబూరావుకి పట్టలేనంత దిగులుగా ఉంది. కంచం భార్య ముందుకి చాపి, పాత రోజుల్లోలా, "ఇంకాస్త వెయ్యి ఆనందం" అన్నాడు. ఆవిడ గరిటె తీసుకుంది. పులుసు నింపింది. కంచం మీద పట్టుకుని ఆగిపోయింది.

"ఎంత వెయ్యమంటారు?" అని అడిగింది.

ఎందర్నో తూచిన మనిషి, కంచం అలాగే చాపుకుని కూర్చున్నాడు.